సాంటోరినిలో కుటుంబాలు నడిపే వైనరీలు: ఏవి చూడాలి, ఎలా వెళ్లాలి?

మందారం_మాంచెస్టర్
అందరికీ నమస్కారం. ఆగస్టు చివరి వారంలో గ్రీసులోని సాంటోరిని దీవికి వెళ్తున్నాం. నేను, మా వారు, హైదరాబాద్ నుంచి వస్తున్న అత్తయ్య, మామయ్య. దీవి ముఖ్య పట్టణం ఫిరాలో గది తీసుకున్నాం. నీలి గుమ్మటాలు, సూర్యాస్తమయం ఎలాగూ చూస్తాం. నాకు అసలు కోరిక ఏమిటంటే, తరతరాలుగా ఒకే కుటుంబం ద్రాక్ష పండించి వైన్ చేసే చోటికి వెళ్లి, వాళ్లతో మాట్లాడి, తోట చూడాలని. బస్సుల్లో జనం దిగే పెద్ద టెర్రస్‌లు వద్దు.

మామయ్య వ్యవసాయ శాఖలో చేసి రిటైరయ్యారు, తోట కనిపిస్తే చాలు కదలరు. ఎప్పుడైనా ఒక గ్లాసు పుచ్చుకుంటారు. అత్తయ్య అసలు ముట్టరు, పైగా శాకాహారి. ఆవిడకు బోరు కొట్టకూడదు. ఏ వైనరీలు బాగుంటాయి? రోజుకు ఎన్ని చూడొచ్చు? కారు తీసుకోవాలా?

విశాఖ_నావికుడు
మందారం గారూ, షిప్పింగ్ ఉద్యోగం వల్ల నేను ఉండేది ఏథెన్స్ పక్కనున్న పిరయస్ ఓడరేవులో. సెలవు దొరికితే దీవులకే వెళ్తాను, సాంటోరినికి మరీ ఎక్కువగా. మీరు అడిగింది చాలా మంచి ప్రశ్న.

ముందుగా ఒక మాట. రోజుకు రెండు చాలు. టూర్ వాళ్లు మూడు నాలుగు చూపిస్తామంటారు. మూడోది వచ్చేసరికి నాలుక పనిచేయదు, చెప్పేది చెవికెక్కదు. పొద్దున ఒకటి, మధ్యాహ్నం భోజనమయ్యాక విశ్రాంతి తీసుకుని సాయంత్రం ఒకటి.

దీవి మధ్యలో ఎపిస్కోపి గోనియా అనే ఊరుంది. అక్కడ ఆర్గిరోస్ వాళ్ల ఎస్టేట్ 1903 నుంచి ఉంది, ఇప్పుడు నడుపుతున్నది నాలుగో తరం. కొత్త భవనం పెద్దదే, కానీ చుట్టూ వాళ్ల సొంత తోటలే. అక్కడికి దగ్గర్లోనే రూసోస్ వాళ్ల పాత కనావా ఉంది, 1836 నాటిది. కనావా అంటే ఇక్కడి పాతకాలం వైన్ ఇల్లు. అగ్నిపర్వతపు బూడిద గట్టిపడిన నేలను గుహలా తొలిచి కట్టుకునేవాళ్లు, లోపల ఎండాకాలంలోనూ చల్లగా ఉంటుంది. రూసోస్ వాళ్ల చోట హంగులేమీ ఉండవు. నాకు అదే నచ్చింది.

మెగాలోహోరిలో గవాలాస్ వాళ్లది కూడా తరాల నాటి ఇల్లే. దీవి ముఖ్యమైన తెల్ల ద్రాక్ష అస్సిర్తికోతో చేసిన వైన్ అందరి దగ్గరా ఉంటుంది. వీళ్ల దగ్గర కత్సానో అనే అరుదైన తెల్ల ద్రాక్షతో చేసిన వైన్ దొరుకుతుంది. ఊరు కూడా నెమ్మదిగా నడిచి చూడదగ్గది. అత్తయ్యగారిని ఆ సందుల్లో తిప్పండి.

హారిక_దుబాయ్
నావికుడు గారు చెప్పినవాటికి ఒకటి కలుపుతాను. పిర్గోస్ ఊరి దగ్గర హత్సిదాకిస్ వైనరీ. 1956లో సాంటోరినిని పెద్ద భూకంపం కుదిపేసింది. అప్పుడు చాలా కుటుంబాలు తోటలు వదిలేసి ఏథెన్స్‌కు వెళ్లిపోయాయి. అలా బీడుపడ్డ ఒక తోటను మళ్లీ నాటి, 1997లో చిన్నగా ఈ వైనరీ మొదలుపెట్టారు హరిదిమోస్ హత్సిదాకిస్. రసాయనాలు లేని సేద్యం. 2017లో ఆయన పోయారు. ఇప్పుడు కుటుంబమే నడుపుతోంది. గుహలో పీపాల మధ్య నిలబడి రుచి చూపిస్తారు. కుర్చీలు, సముద్రం వ్యూ లాంటివి ఆశించకండి. ముందుగా ఈమెయిల్ పెట్టి టైమ్ తీసుకోవడం తప్పనిసరి.

అక్కడ నేను తాగిన అస్సిర్తికో ఇప్పటికీ గుర్తుంది. మొదటి గుక్కకే నిమ్మకాయ పులుపు దవడల దాకా పాకింది. మింగాక నాలుక అంచుల్లో సన్నగా ఉప్పదనం మిగిలింది. రెండో గుక్కలో నిప్పురాళ్లు కొట్టినప్పుడు వచ్చే వాసన తెలిసింది. తియ్యటి వైన్ అలవాటైనవాళ్లకు మొదట వింతగా ఉంటుంది. పక్కన ఏదైనా తింటూ తాగితే ఆ పులుపు విలువ తెలుస్తుంది.

రాజు_హనుమకొండ
అందరూ చిన్నవి చిన్నవి అంటున్నరు గానీ, పేరులో కుటుంబం ఉన్నంత మాత్రాన కుటుంబానిది అనుకోవద్దు. ఇయా ఊరి పక్కన సిగాలాస్ వైనరీ ఉంది కదా, లెక్కల మాస్టారుగా ఉన్న పారిస్ సిగాలాస్ 1991లో పెట్టిండు. చాలా మంచి పేరు తెచ్చిండు. 2020లో అది మెయిన్‌లాండ్‌లోని కిర్ యాన్ని అనే వైన్ కంపెనీ చేతికి పోయింది. వైన్ ఇప్పటికీ బాగుంటది, నేను పోయిన, నచ్చింది. కానీ మందారం గారు అడిగింది కుటుంబం సంగతి కాబట్టి చెప్తున్న.

విశాఖ_నావికుడు
రాజు గారు చెప్పింది నిజం. ఆ పారిస్ సిగాలాస్, హత్సిదాకిస్ ఇద్దరూ ఇంకో పని చేశారు. మావ్రోత్రాగనో అనే నల్ల ద్రాక్ష దాదాపు కనుమరుగయ్యే స్థితిలో ఉండేది. దాన్ని విడిగా ఎర్ర వైన్ చేసి నిలబెట్టింది వీళ్లే. ఎక్కడైనా మావ్రోత్రాగనో కనిపిస్తే తప్పకుండా అడగండి. తక్కువ పండుతుంది, ధర ఎక్కువే.

ద్రాక్షతోట
మీ మామయ్యగారి కోసం రాస్తున్నాను. మాది మేడ్చల్ వైపు. మా నాన్నగారి కాలంలో అనాబ్-ఎ-షాహీ పందిళ్లు ఉండేవి. తల పైన పందిరి, కింద నీడ, చేయి చాపితే గుత్తులు. ద్రాక్ష తోట అంటే అదే అనుకుంటూ పెరిగినవాణ్ని సాంటోరినిలో దిగగానే తోట ఎక్కడుందని వెతికాను. కళ్ల ముందే ఉంది, గుర్తుపట్టలేదు. నేల మీద దూరదూరంగా పచ్చటి కుప్పలు ఉంటాయి. ఒక్కో కుప్ప ఒక పాదు.

దగ్గరికెళ్లి వంగి చూడాలి. తీగను ఏటా చలికాలం కత్తిరింపుల తర్వాత గుండ్రంగా తిప్పి, పోయినేటి తీగలో దూర్చి, గంపలా అల్లుతారు. దాన్ని కులూరా అంటారు. ఆకులు పైకీ బయటికీ వస్తాయి, గుత్తులు గంప లోపల పెరుగుతాయి. కారణం గాలి. ఎండాకాలంలో ఉత్తరం నుంచి మెల్తెమి అనే గాలి రోజుల తరబడి వీస్తుంది, ఇసుకను ఎగరేసి కొడుతుంది. పైకి పాకించిన తీగ అయితే పూత నిలవదు, కాయ చిరిగిపోతుంది. ఎండ కూడా గుత్తికి నేరుగా తగలదు.

వాన ఏడాదికి 400 మిల్లీమీటర్ల లోపే, అదీ చలికాలంలో. దీవిలో నది లేదు. మరి తీగ ఎలా బతుకుతోంది? రాత్రిపూట సముద్రం మీంచి తేమ, పొగమంచు వస్తాయి. నేలంతా ప్యూమిస్ రాయి, బూడిద. ఒక ముక్క చేతిలోకి తీసుకుంటే బరువే ఉండదు, నిండా సన్నటి రంధ్రాలు. ఆ రంధ్రాలు తేమను పట్టి ఉంచి, పగలు వేరుకు ఇస్తాయి.

అసలు అద్భుతం వేరు దగ్గరుంది. పంతొమ్మిదో శతాబ్దం రెండో సగంలో ఫైలోక్సెరా అనే వేరు పురుగు యూరప్ ద్రాక్షను దాదాపు తుడిచిపెట్టింది. అప్పటి నుంచి అక్కడ చాలా చోట్ల అమెరికా జాతి వేరు మీద అంటు కట్టిన మొక్కలే నాటుతున్నారు. సాంటోరిని నేలలో బంకమట్టి దాదాపు లేదు కాబట్టి ఆ పురుగు బతకదు. అందుకే ఇక్కడి తీగలు ఇప్పటికీ సొంత వేళ్ల మీదే ఉన్నాయి. కొత్త పాదు కావాలంటే పక్క పాదు కొమ్మను వంచి మట్టిలో తొక్కుతారు, మన నేల అంటు పద్ధతే. గంప డెబ్భై ఎనభై ఏళ్లు పెరిగాక కాపు తగ్గితే, దాన్ని మొదలుకంటా నరికేస్తారు. కింద ఉన్న పాత వేరు నుంచి మళ్లీ చిగురు వస్తుంది. ఇలా కొన్ని వేళ్లు వందల ఏళ్లవి. మామయ్యగారిని ఒక నరికిన మొదలు చూపించమని అడగమనండి. తోటలో మనిషి ఉంటే సంతోషంగా చూపిస్తారు.

మందారం_మాంచెస్టర్
ద్రాక్షతోట గారూ, ఇది మామయ్యకు ఫోన్‌లో చదివి వినిపించాను. మళ్లీ మొదటి నుంచి చదవమన్నారు. ఆయన రెండు ప్రశ్నలు అడిగారు. మేం వెళ్లేసరికి కోత అయిపోతుందా? ఎండబెట్టిన ద్రాక్షతో తియ్యటి వైన్ చేస్తారని విన్నాం, అది చూడొచ్చా?

ద్రాక్షతోట
సాంటోరిని కోత గ్రీసులో చాలా చోట్ల కంటే ముందు. మామూలుగా ఆగస్టు మొదటి సగంలో మొదలవుతుంది. చివరి వారానికి చాలా వరకు అయిపోతుంది, అక్కడక్కడా మిగిలి ఉండొచ్చు. గంప నేల మీదే ఉంటుంది కాబట్టి కోసేవాళ్లు మోకాళ్ల మీద కూర్చుని, లోపలికి చేయి పెట్టి, గుత్తిని తడిమి కోయాలి. యంత్రం దూరే చోటు కాదు. మధ్య వయసు దాటినవాళ్లే ఎక్కువగా చేస్తున్నారు.

మీరు విన్న తియ్యటి వైన్ పేరు విన్‌సాంతో. మీరు వెళ్లేది దానికి సరైన సమయం. పండిన గుత్తుల్ని ఆరుబయట పరిచి, రెండు వారాల దాకా ఎండలో ఉంచుతారు. తర్వాత పిండి పులియబెట్టి, ఓక్ పీపాల్లో కనీసం రెండేళ్లు ఉంచాలని నియమం. చాలామంది అంతకంటే ఎన్నో ఏళ్లు ఎక్కువే ఉంచుతారు. కనీసం 51 శాతం అస్సిర్తికో ఉండాలి, మిగతాది ఐదాని, అతిరి లాంటి ద్రాక్ష రకాలు. నేను చూసిన చోట ఒక పెద్దావిడ వంగి ఒక్కొక్క గుత్తినీ తిరగేస్తోంది. కాయ సగం ముడుచుకుని బంగారు రంగు నుంచి గోధుమ రంగుకు వస్తోంది. ఒక కాయ ఇచ్చింది. తీపి, దాని వెనకే పులుపు. ఎండినా పులుపు చావకపోవడమే అస్సిర్తికో గొప్పతనం.

కృష్ణవేణి_బెంగళూరు
నేను కొంచెం వేరుగా చెప్తాను. పెద్ద టెర్రస్‌లు వద్దు అనుకునేటప్పుడు సాంటో వైన్స్‌ను కూడా అందులో కలిపేయకండి. అది కంపెనీ కాదు, దీవి రైతుల సహకార సంఘం. 1947 నుంచి ఉంది, వెయ్యికి పైగా రైతు సభ్యులు. వైనరీ కట్టుకునే స్తోమత లేని కుటుంబం తన రెండు ముక్కల పొలంలో పండిన ద్రాక్షను అక్కడే పోస్తుంది. సాయంత్రం అక్కడ జనం ఎక్కువే, నిజమే. పొద్దున వెళ్తే ప్రశాంతంగా ఉంటుంది. చిన్న కుటుంబాలకు డబ్బు చేరాలన్నది మీ ఉద్దేశమైతే, అక్కడ కొన్న సీసా కూడా ఆ పనే చేస్తుంది.

హారిక_దుబాయ్
కృష్ణవేణి గారూ, సంఘం గురించి మీరన్నది ఒప్పుకుంటాను. కానీ మందారం గారు అడిగింది మనుషులతో మాట్లాడటం గురించి. పెద్ద చోట గ్లాసులు వరసగా పెట్టి, కాగితం మీద రాసిన వివరాలు ఇచ్చి వెళ్లిపోతారు. చిన్న చోట వైన్ పోసేది ఆ ఇంటి కొడుకో కోడలో అవుతుంది. ఈ ఏడు కాపు ఎలా ఉందని అడిగితే అరగంట చెప్తారు. ఆ అరగంట కోసమే వెళ్లాలి.

కృష్ణవేణి_బెంగళూరు
దానికి కాదనను. రెండూ చూడమంటాను, అంతే. ఒకటి చూస్తే సగమే తెలుస్తుంది.

శేషు_నెల్లూరు
కారు గురించి ఎవరూ చెప్పలేదు. ఇండియా లైసెన్స్ ఉన్నవాళ్లకు గ్రీసులో ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ కావాలి. అది ఇండియాలోనే తీసుకుని బయల్దేరాలి. రక్తంలో ఆల్కహాల్ పరిమితి మామూలు డ్రైవర్లకు లీటరుకు అర గ్రాము, బైకు నడిపేవాళ్లకు ఇంకా తక్కువ, 0.2. టేస్టింగ్ అంటే కొంచెం కొంచెమే కదా అనుకోవద్దు. ఐదారు రకాలు పోస్తే పరిమితి దాటేస్తారు. పైగా అస్సిర్తికో తేలికపాటి వైన్ కాదు. రోడ్లు సన్నం, మలుపులెక్కువ, క్వాడ్ బైకుల మీద కుర్రాళ్లు అడ్డదిడ్డంగా వస్తుంటారు. తాగేవాళ్లు నడపొద్దు.

బస్సులు బాగానే ఉన్నాయి, అన్నీ ఫిరా స్టాండు నుంచే బయల్దేరతాయి. మీ గది ఫిరాలోనే కాబట్టి సుఖం. పెరిస్సా వెళ్లే బస్సు పిర్గోస్, మెగాలోహోరి మీదుగా పోతుంది. ట్యాక్సీలు దీవి మొత్తానికి చాలా తక్కువ. మాకు ఒక ట్యాక్సీ అతను వస్తానని చెప్పి రాలేదు, ఎండలో గంటకు పైగా రోడ్డు మీదే నిలబడ్డాం. పెద్దవాళ్లతో ఆ టెన్షన్ వద్దు. ఒక రోజుకు డ్రైవర్‌తో సహా కారు మాట్లాడుకోండి, ముందే.

రాజు_హనుమకొండ
శేషు అన్నా, ఇంకో మార్గం కూడా ఉంది. అత్తయ్యగారు తాగరు, నడపరు. కానీ మీలో ఒకరు ఆ రోజు తాగకుండా ఉండొచ్చు కదా. టేస్టింగ్ చోట ఉమ్మడానికి పాత్ర పెడతరు. నోట్లో పోసుకుని, పుక్కిలించి, ఉమ్మేస్తే ఎవరూ ఏమనుకోరు. వైన్ చేసేటోళ్లు చేసేదే అది. మన దగ్గర అది మర్యాద కాదనిపిస్తది, అక్కడ మామూలే.

హారిక_దుబాయ్
అత్తయ్యగారి సంగతి. వోథోనాస్‌లో కుత్సోయన్నోపులోస్ కుటుంబం వైన్ మ్యూజియం ఉంది. భూమికి 8 మీటర్ల కింద, 300 మీటర్ల పొడవున్న గుహ. వైనరీ 1880 నాటిది. పాతకాలం ద్రాక్ష తొక్కే తొట్లు, పిండే పరికరాలు, కదిలే బొమ్మలతో చూపిస్తారు. తాగకపోయినా చూడొచ్చు, ఎండ నుంచి తప్పించుకోవచ్చు కూడా. ఆవిడ టికెట్‌తో వచ్చే వైన్ మీ వారు తాగేస్తారు.

తిండికి ఇబ్బంది లేదు. సాంటోరిని ఫావా అని పసుపు పప్పు ఉంటుంది, ఉడకబెట్టి మెత్తగా మెదిపి, ఆలివ్ నూనె, పచ్చి ఉల్లిపాయ, కేపర్ మొగ్గలతో పెడతారు. మన ముద్దపప్పే అనుకుంటారు ఆవిడ. నేను పక్కన ఆవకాయ పెట్టుకుని తిన్నాను, చిన్న డబ్బా తీసుకెళ్లండి. టొమాటో వడల్లాంటి తొమాతోకెఫ్తేదెస్ కూడా అడగండి. అక్కడి చిన్న టొమాటోలు నీరు లేకుండా పండేవి, రుచి చిక్కగా ఉంటుంది. తెల్ల వంకాయ కాలంలోనే వెళ్తున్నారు. వడల్లో గుడ్డు ఉంటుందేమో ముందే అడిగి తెలుసుకోమనండి.

వైనరీకి ఈమెయిల్ పెట్టేటప్పుడే ఒకరు శాకాహారి, ఒకరు తాగరు అని రాయండి. మాకు మా అమ్మ కోసం ద్రాక్ష రసం, చీజ్ పెట్టారు, ఫీజు కూడా తగ్గించారు. అడక్కపోతే నలుగురికీ నాలుగు టేస్టింగ్‌లు వేస్తారు.

గీతా_ఒంగోలు
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోవద్దు. పోయినేడు అక్కడ భూకంపాలు అన్నారు కదా, పెద్దవాళ్లతో వెళ్లడం మంచిదేనా?

విశాఖ_నావికుడు
గీతమ్మా, అది 2025 జనవరి చివర మొదలై ఫిబ్రవరిలో ఉధృతమైంది. సాంటోరినికి, అమోర్గోస్ దీవికి మధ్య సముద్రం కింద వేల సంఖ్యలో చిన్న భూకంపాలు వచ్చాయి, పెద్దవి 5 దాటాయి. పదివేల మందికి పైగా కొన్నాళ్లు దీవి వదిలి వెళ్లారు. ఆ తర్వాత తగ్గింది, ఆ ఎండాకాలం టూరిస్టులు వచ్చారు, ఓడలు మామూలుగానే నడిచాయి. అది అగ్నిపర్వతపు దీవి. మూడున్నర వేల ఏళ్ల కిందటి పేలుడుతోనే ఆ నేల ఏర్పడింది, ఆ నేల వల్లే ఆ వైన్. ప్రయాణానికి ముందు గ్రీస్ ప్రభుత్వ హెచ్చరికలు చూసుకుని, ఇన్సూరెన్స్ తీసుకుని వెళ్లండి. నేను మా అమ్మను తీసుకెళ్లాను.

ద్రాక్షతోట
నాకు భూకంపం కంటే ఎక్కువ దిగులు కలిగించేది వేరే ఉంది. తోటలు తగ్గిపోతున్నాయి. ఎకరం గంపల ద్రాక్ష అమ్మితే వచ్చేదానికీ, అదే చోట గదులు కడితే వచ్చేదానికీ పొంతనే లేదు. మేడ్చల్, శామీర్‌పేట వైపు మా పందిళ్లు ఎలా వెంచర్లయ్యాయో చూసినవాణ్ని, అక్కడ తోట మధ్యలో ఈత కొలను తవ్వుతుంటే కడుపులో తిప్పింది. దీనికి తోడు ఎండలు, వాన లేమి. 2023, 2024లో కాపు దారుణంగా పడిపోయింది, ద్రాక్ష ధర ఆకాశానికంటింది. అల్లే పనితనం తెలిసినవాళ్లు కూడా తగ్గుతున్నారు. కొందరు కుటుంబాలవాళ్లు ఇప్పుడు వరసలుగా నాటి, డ్రిప్ పెట్టి చూస్తున్నారు. పాతవాళ్లకు అది నచ్చదు. నాకైతే నచ్చింది. ఏదో ఒక రూపంలో తీగ బతకాలి.

అందుకే సీసా ఖరీదు చూసి వెనక్కి తగ్గొద్దని అడుగుతున్నాను. రుచి చూసి, నచ్చితే, వాళ్ల దగ్గరే ఒకటి కొనండి. సూపర్ మార్కెట్‌లో కొన్నదాని కంటే అక్కడ కొన్నదాంట్లో వాళ్లకు ఎక్కువ మిగులుతుంది.

శేషు_నెల్లూరు
కొంటే తీసుకెళ్లడం గురించి కూడా ఒక మాట. ఇండియాకు మనిషికి 2 లీటర్ల దాకా సుంకం లేకుండా అనుమతి. విన్‌సాంతో తరచుగా అర లీటరు సీసాల్లో వస్తుంది, కాబట్టి మామయ్యగారు నాలుగు తీసుకెళ్లొచ్చు. చెక్ ఇన్ బ్యాగులోనే పెట్టాలి. బ్రిటన్‌కు మీరిద్దరూ ఒక్కొక్కరు 18 లీటర్ల దాకా వైన్ తీసుకెళ్లొచ్చు, బరువే అడ్డు.

మందారం_మాంచెస్టర్
అందరికీ చాలా చాలా కృతజ్ఞతలు. ఇలా అనుకున్నాం. మొదటి రోజు పొద్దున ఎపిస్కోపి గోనియాలో ఆర్గిరోస్, సాయంత్రం వోథోనాస్ మ్యూజియం. రెండో రోజు పొద్దున కృష్ణవేణి గారు చెప్పినట్టు సాంటో వైన్స్, భోజనం పిర్గోస్‌లో, సాయంత్రం హత్సిదాకిస్ వాళ్లు టైమ్ ఇస్తే అక్కడికి, లేకపోతే మెగాలోహోరి గవాలాస్. రెండు రోజులకూ డ్రైవర్‌తో కారు మాట్లాడాం. మా వారు ఈ రోజే ఈమెయిల్స్ పెట్టారు. ఎండబెట్టే చోటు చూడటానికి ప్రత్యేకంగా అడగాలా?

విశాఖ_నావికుడు
అడగాలమ్మా. చాలామంది ఎండబెట్టే చోటు వైనరీ పక్కనే కాకుండా పొలంలో ఉంటుంది, మామూలు టేస్టింగ్‌లో చూపించరు. మామయ్యగారు వ్యవసాయ శాఖలో పనిచేశారని ఈమెయిల్‌లో రాయండి, దానికి వాళ్ల దగ్గర విలువ ఉంటుంది. పొలానికి తీసుకెళ్తామంటే పొద్దున తొమ్మిది లోపే అడగండి. ఆగస్టు ఎండ మధ్యాహ్నానికి నిలబడనివ్వదు, నీడకు ఒక్క చెట్టు కూడా ఉండదు. అందరికీ టోపీలు, అత్తయ్యగారికి చెప్పుల బదులు బూట్లు. ప్యూమిస్ గుల్ల కాలి కింద జారుతుంది.

ద్రాక్షతోట
ఒక గుత్తి తిరగేయనివ్వమని కూడా అడగమనండి మామయ్యగారిని. కాదనరు.